అరవై రెండు సెంటీమీటర్లు

నలభై ఒక్క రిపోర్టులు.
రాత్రి పదకొండున్నర. నారిన్‌లో ఇవాళ కరెంటు ఉంది,
హీటరు మీద నా మేజోళ్ళు ఆరుతున్నాయి.
ఎర్ర పెన్ను మూత పళ్ళతో లాగి
ఇరవై మూడోది తెరిచాను.
నూర్దొలోత్ సాతిబల్దియెవ్, మూడో సంవత్సరం.
వంతెన కింద కొలబద్ద దగ్గర నది నీటిమట్టం,
జనవరి ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా.

బాగా రాశాడు. మరీ బాగా.
ఇంత బుద్ధిమంతురాలైన నదిని ఎక్కడ చూశాను?
పద్దెనిమిదిన అరవై ఒకటి.
ఇరవైన అరవై మూడు.
నడుమ, పంతొమ్మిదిన,
ఇద్దరి మధ్యా మర్యాదగా ఒదిగి కూర్చున్న
అరవై రెండు.

ఆ అంకె నాకు తెలుసు.
దాన్ని కన్నది నేనే.

తొంభై నాలుగు చలికాలం. దేశం కొత్తది, రొట్టె క్యూ పాతది.
నా ఎడమ బూటు అడుగు ఊడితే తీగతో కట్టుకున్నాను.
కొలబద్ద దాకా నాలుగు కిలోమీటర్లు. సున్నాకి ముప్పై రెండు డిగ్రీలు కింద.
పంతొమ్మిదో తేదీ పొద్దున తలుపు తీసి
మళ్ళీ వేశాను.
గడ్డకట్టిన సిరాని చంకలో కరిగించుకుని
పొయ్యి పక్కన కూర్చుని నదిని రాశాను.
ఎవరూ అడగలేదు.
మా గైడు పట్టిక చూసి, ఒక్క రోజూ మానలేదే, ఓపికున్న పిల్ల, అన్నాడు.
ఆ మాట మీదే ఉద్యోగం వచ్చింది.
ముప్పై ఏళ్ళుగా చీటీలు పట్టుకున్నాను,
చొక్కా మడతల్లోంచి, నీళ్ళ సీసా లేబులు వెనక నుంచి.
ఒకసారి అరచేతిలో రాసుకున్న ఫార్ములాని
చెమటే తినేస్తే నవ్వాను కూడా.

తేలు కుట్టిన దొంగ కేక వెయ్యడు.
టీ పెట్టుకున్నాను. తాగలేదు.

మర్నాడు వచ్చాడు, టోపీ చేతుల్లో నలుపుకుంటూ.
"లైబ్రరీలో పాత థీసిస్, టీచర్. ఆకుపచ్చ అట్ట.
ఎవరిదో తెలీదు."
అట్ట మీద ఉన్నది పెళ్ళికి ముందటి నా పేరు.
"ఎందుకు?"
రాత్రుళ్ళు కార్లు కడిగే పని అంటాడనో
అమ్మకి ఆపరేషన్ అంటాడనో
క్షమించడానికి మనసులో ఒక కుర్చీ వేసి ఉంచాను.
వాడు కూర్చోలేదు.
"ఆరుసార్లు వెళ్ళాను. కొలబద్ద మంచులో కూరుకుపోయింది.
కనబడలేదు అని రాస్తే మార్కులొస్తాయా?"
"మా రోజుల్లో గునపంతో పగలగొట్టి చూసేవాళ్ళం."
"గునపం ఎవరిస్తారు?"
ల్యాబ్ బీరువాలో ఏముందో నాకు తెలుసు. బదులు చెప్పలేదు.
"పంతొమ్మిదిన?"
"వెళ్ళాను. కుక్క వెంటపడింది."

పంతొమ్మిదిన వెళ్ళినవాడు
వెళ్ళనిదాని దగ్గర కాపీ కొట్టాడు.

కమిటీ ఫారం, మూడు ప్రతులు, మధ్యలో కార్బన్ కాగితం.
విద్యార్థి పేరు. రాశాను.
కాపీ కొట్టిన మూలం ఎవరిది. రాశాను.
మూలంలోని వివరాలు నిజమేనా:
అవునుకో గడి, కాదుకో గడి, శనగగింజ పట్టేంత.
పెన్ను అక్కడ చాలాసేపు నిలబడింది.
తర్వాత గట్టిగా నొక్కాను,
మూడో ప్రతి దాకా దిగాలని.

"నీకు సున్నా. వచ్చే జనవరి మళ్ళీ కొలుస్తావు.
గునపం నేనిస్తాను. కనబడని రోజు గీత గియ్యి."
"మరి ఆ థీసిస్ రాసినావిడకి?"
"కమిటీ చెప్తుంది."
థాంక్స్ చెప్పలేదు వాడు. తలుపు కొంచెం గట్టిగానే వేశాడు.

సాయంత్రం లైబ్రరీలో ఆకుపచ్చ అట్ట అడిగి తీసుకున్నాను.
యాభై ఎనిమిదో పేజీ. అరవై రెండు కొట్టేసి
వెళ్ళలేదు అని రాసి
రెండు ఇంటిపేర్లతో సంతకం పెట్టాను.
జూరాకాన్ కళ్ళద్దాల మీదుగా చూసింది.
"లైబ్రరీ పుస్తకంలో ఎర్ర సిరానా!
మీరే ఇలా చేస్తే ఇక పిల్లలకేం చెప్తాం?"

జరిమానా రెండు వందల సోమ్‌లు.
కట్టాను. రసీదు అడిగి తీసుకున్నాను.
తేదీ సరిగ్గా వేసిందో లేదో
దీపం కిందికి వెళ్ళి చూసుకున్నాను.